పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: "మా నాయన్ని ఎట్టయినా నడిపీండి సార్, ఇంకేం వద్దు."

వాస్తవం: 'నడవాలి' అని రాసుకుంటే అది కోరికే. ఎక్కడిదాకా, ఎవరి సాయంతో, ఎన్నాళ్లలో అన్నవి తేలితేనే లక్ష్యం. కావలి వైపు రొయ్యల రైతైతే "నాలుగు వారాల్లో చేతికర్రతో, పక్కన ఒక మనిషి ఉండగా, మంచం నుంచి గడప దాటి బాత్రూం దాకా" అని రాస్తాం. గుంట గట్టు మీద నడక ఆ తర్వాతి మాట. 10 మీటర్లకు 25 సెకన్లకు మించి పడితే ఆ నడక ఇంటివరకే. ధైర్యంగా బజారుకు పోవాలంటే పన్నెండు, పదమూడు సెకన్లలో రావాలి.

అపోహ: లేవలేకపోతున్నాడంటే కాల్లో బలం లేదు, ఇసుక సంచి కట్టి ఎత్తిస్తే సరి.

వాస్తవం: ముందు బీపీ చూడండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడితే మందులు రాసిన డాక్టరుతో మాట్లాడాలి. వ్యాయామం సంగతి తర్వాత.

బీపీ బాగుంటే పాదాలు చూడండి. లేచేటప్పుడు మడమలు మోకాళ్ల కన్నా వెనక్కి రావాలి. పిక్క బిగుసుకుపోతే రావు, మనిషి వెనక్కి పడతాడు. ఇక మంచం. నులక కుంగి తుంటి మోకాలి కన్నా కిందికి దిగితే బలమున్నవాడికీ కష్టమే. ఒకదాంట్లో ఒకటి పెట్టిన రెండు ప్లాస్టిక్ కుర్చీలను గోడకు ఆనించి, వాటి మీద నుంచి లేపి చూడండి. లేచాడా, తప్పు మంచానిది. అక్కడ మొదలుపెట్టి ఎత్తు తగ్గించుకుంటూ రావాలి.

అపోహ: బంతి పిసికితే చెయ్యి వస్తుంది.

వాస్తవం: చాలామందికి పిడికిలి మూసుకోవడం వస్తుంది, తెరుచుకోవడమే రాదు. స్టీలు గ్లాసు పట్టుకుని వదలడం నేర్పండి. చంకలో చెయ్యేసి లాగి మాత్రం లేపొద్దు, పట్టు తప్పిన భుజం నొప్పి పట్టుకుంటుంది.

పడిపోయిన చేతికీ కాలికీ పావురం రక్తం పూస్తే పక్షవాతం తగ్గుతుందన్న నమ్మకం గురించి ఒక్క ముక్క. ఆ పావురాన్ని వెతుక్కుంటూ తిరిగేలోపు, మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు పక్షవాతం మొదలైనప్పటి నుంచి ఉన్న 4.5 గంటల గడువు కాస్తా అయిపోతుంది. ఉదయగిరి, కనిగిరి నుంచి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరేందుకే దాంట్లో సగం పోతుందాయె.

అపోహ: మూడు నెలలు దాటితే ఇక ఇంతే.

వాస్తవం: వేగం తగ్గుతుంది, మెరుగు ఆగదు. రెండు వారాలుగా ఆ 10 మీటర్ల సెకన్లు కదలకపోతే వ్యాయామం రెట్టింపు చేయకండి. భుజం నొప్పా, నిద్ర లేదా, దిగులా, మనం పట్టుకున్న కారణమే తప్పా అని మళ్లీ మొదటినుంచి చూడండి.