రూమ్మేట్ల బిల్లులు: అపోహలు – వాస్తవాలు

అద్దె ఇళ్ల వ్యవహారాలు చూడటం నా పని. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లెక్కలు తేల్చడానికి కూర్చుంటే దాదాపు ప్రతిసారీ ఇదే గొడవ.

అపోహ: నెల మధ్యలో వెళ్లిపోయినా, బిల్లు వచ్చాక అందరితో సమానంగా వాటా పంపేస్తే సరి.

వాస్తవం: సరి కాదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. కరెంటు బిల్లు మీద మొదటి రీడింగు, చివరి రీడింగు మాత్రమే ఉంటాయి. మీరు వెళ్లిన రోజు మీటరు ఎంత చూపించిందో మీరు రాసుకోకపోతే సాధారణంగా ఇంకెవరూ రాయరు.

ముగ్గురున్న ఇల్లు అనుకోండి. బిల్లు మొదట్లో మీటరు 4,210. ఒకరు వెళ్లిన రోజు 4,300. బిల్లు చివర్లో 4,420. మొత్తం 210 యూనిట్లు. సమానంగా పంచితే తలా 70. కానీ ముగ్గురూ ఉండగా కాలింది 90, అంటే తలా 30. మిగతా 120 ఉన్న ఇద్దరివే, చెరి 60. వెళ్లినవాళ్ల వాటా 30, ఉన్నవాళ్లది చెరి 90. మూడో వంతు కట్టమన్న చోట కట్టాల్సింది ఏడో వంతే! వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబులున్నా, వాడకం సొమ్మును ఈ నిష్పత్తిలో పంచుకుంటే పేచీ ఉండదు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, అంటే వాడకంతో సంబంధం లేకుండా పడేవి, మాత్రం ఎవరు ఎన్ని రోజులున్నారో చూసి పంచుకోవాలి.

ఆ మధ్య ఒకమ్మాయి కళ్లనీళ్లతో వచ్చింది. పాత రూమ్మేట్లు మూడో వంతు అడుగుతున్నారట. "గొడవలు నా వల్ల కాదండీ, ఇచ్చేయనా?" అంది. ఎవరు ఖాళీ చేసినా ఆ రోజు మీటరు రీడింగు రాసుకోవడం నాకు అలవాటు. అది చూపించగానే ఆ ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మూడుతో భాగించేశారంతే. అందుకే వెళ్లే రోజు మీటరు ఫోటో తీయండి. అంకెలతో పాటు మీటరు నంబరు కూడా కనిపించాలి. అదే రోజు గ్రూపులో పెట్టేయండి. బిల్లు మీద అంచనా రీడింగు (మీటరు చూడకుండా వేసింది) అని ఉంటే అసలు రీడింగు వచ్చేదాకా లెక్క మూసేయకండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"బిల్లు ఎవరి పేరునున్నా ఒకటే." మీ మధ్య అయితే నిజమే. కంపెనీ మాత్రం ఖాతాదారునే అడుగుతుంది. మీ పేరున ఉంటే ఇల్లు వదిలేముందే పేరు మార్పించండి, లేదా కనెక్షన్ మూసేయించండి.

"నేను ఊళ్లో లేను, నాకేం సంబంధం?" మీరు లేరని నెలవారీ ఇంటర్నెట్ ప్లాను తగ్గదు. ఎవరో చెప్పారని దీన్ని పట్టుకుని పోట్లాడేవాళ్లను చూస్తే విసుగొస్తుంది.

"అడ్వాన్సులో పట్టుకుంటారులే." అందరూ కలిసి కట్టిన అడ్వాన్సులో కోత పడితే, అది ఎవరి బాకీ అన్నది మళ్లీ మీరే తేల్చుకోవాలి.

"ప్రతి బిల్లుకూ ఒకరికొకరు డబ్బు పంపుకోవాలి." అక్కర్లేదు. నెలాఖరున ఎవరు ఎంత కట్టారు, ఎంత కట్టాలి అన్న తేడా తీయండి. తక్కువ కట్టినవాళ్లు ఎక్కువ కట్టినవాళ్లకు పంపితే చాలు. నలుగురున్న ఇంట్లో మూడు చెల్లింపులకు మించి అవసరం పడదు.