బడి గోడ దగ్గర ఆగిన తీగ

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌ల్యాండ్‌లో 1984లో టామ్ గ్రండ్నర్ అనే అధ్యాపకుడు ఒక చిన్న కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు తగిలించాడు. ఇంట్లో మోడెమ్ ఉన్నవాళ్లు ఆ నంబరుకు ఫోన్ కలిపి, ఒంట్లో బాగోని సంగతి టైపు చేసి పెట్టవచ్చు. ఒక రోజులోగా డాక్టరు జవాబు అక్కడే కనిపించేది. దీనికి ‘సెయింట్ సిలికాన్ ఆసుపత్రి’ అని చమత్కారంగా పేరు పెట్టారు. జనం ఎగబడ్డారు. 1986లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం నీడన అదే క్లీవ్‌ల్యాండ్ ఫ్రీ-నెట్‌గా పెరిగింది. ఊరివాళ్లెవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. దాన్ని చూసి మరికొన్ని ఊళ్లు కూడా ఫ్రీ-నెట్‌లు పెట్టుకున్నాయి.

అదే 1986లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ తన సూపర్ కంప్యూటర్ కేంద్రాలను కలుపుతూ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ నడపడం మొదలుపెట్టింది. వేగం సెకనుకు 56 కిలోబిట్లు. 1988కి అది 1.5 మెగాబిట్లు అయింది, 1991కి 45 మెగాబిట్లు. డబ్బు ప్రజలదే. కానీ తీగ ఎవరు వాడాలన్నదానికి ఒక నియమం ఉంది: పరిశోధనకు, చదువుకు పనికొచ్చే సమాచారమే దాని మీద పోవాలి. క్యాంపస్‌లో కూర్చున్న విద్యార్థి సరదాగా ఎవరికో ఉత్తరం రాసినా అడిగేవాడు లేడు. ఊళ్లో ఫ్రీ-నెట్ నడిపేవాళ్లు మాత్రం ఈ తీగను అందుకోవాలంటే తమ పని చదువు కిందికే వస్తుందని ఒప్పించుకోవాలి. అది కుదరాలంటే తలుపు తెరిచే విశ్వవిద్యాలయం ఒకటి పక్కనే ఉండాలి. క్లీవ్‌ల్యాండ్‌కు ఉంది. చాలా ఊళ్లకు లేదు.

1992లో అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేసి ఆ నియమాన్ని సడలించింది. అప్పటికే వ్యాపార కంపెనీలు తమ తీగలు వేసుకున్నాయి. 1995 ఏప్రిల్ 30న ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌ను మూసేశారు. ఇక కనెక్షన్ కావాలంటే ఎవరైనా బజార్లో కొనుక్కోవాల్సిందే. అదే ఏడాది సూపర్ కంప్యూటర్ కేంద్రాలకు వీబీఎన్‌ఎస్ అనే కొత్త పరిశోధన తీగ వచ్చింది. 1996 అక్టోబరులో 34 విశ్వవిద్యాలయాలు కలిసి ఇంటర్నెట్2 అనే కూటమి పెట్టుకున్నాయి. 1999లో వాటి అబిలీన్ నెట్‌వర్క్ 2.5 గిగాబిట్లతో మొదలైంది. అబిలీన్ అన్నది కాన్సస్‌లో ఒకప్పుడు రైలు పట్టాలు ఆగిపోయిన ఊరు పేరు. పెట్టినవాళ్లు అనుకున్నారో లేదో కానీ, పేరు సరిగ్గానే కుదిరింది.

ఆ 1999లోనే క్లీవ్‌ల్యాండ్ ఫ్రీ-నెట్ మూతపడింది. 2000 సంవత్సరపు తేదీ సమస్యకు పాత సాఫ్ట్‌వేర్ తట్టుకోదన్నది చెప్పిన కారణం.

2001 నుంచి సభ్య విశ్వవిద్యాలయం పూచీ ఉంటే రాష్ట్రాల విద్యా నెట్‌వర్కులు, వాటి ద్వారా బడులు అబిలీన్‌లోకి రావచ్చన్నారు. తలుపు కొంచెం తెరుచుకుంది. అయితే అసలు ఖర్చు వేరేచోట ఉంది. మహానగరాల మధ్య వెన్నెముక తీగ మీద ఒక్కో బిట్‌కు పడే ఖర్చు స్వల్పం. వంద మైళ్ల దూరంలోని చిన్న పట్నం నుంచి ఆ వెన్నెముకను అందుకునే మధ్య దారి ఉందే, అదే జేబు ఖాళీ చేసేది. ఆ దారిలో తరచూ ఒక్కటే టెలిఫోన్ కంపెనీ ఉండేది, అది చెప్పిందే ధర.

2001 ప్రాంతంలో టెలికాం కంపెనీలు కుప్పకూలడం ఇక్కడ మేలు చేసింది. భూమిలో పాతేసి, వెలిగించకుండా, అంటే వాడకంలోకి తేకుండా వదిలేసిన ఫైబర్ చవకైంది. 2003లో కేస్ వెస్టర్న్, క్లీవ్‌ల్యాండ్ నగరపాలక సంస్థ, స్థానిక ప్రసార సంస్థ, రవాణా సంస్థ మరికొందరితో కలిసి వన్‌క్లీవ్‌ల్యాండ్ అనే లాభాపేక్ష లేని నెట్‌వర్క్ పెట్టాయి. ఫైబర్ అందరిదీ, ఖర్చు అందరూ పంచుకుంటారు. నా మటుకు ఈ మొత్తం చరిత్రలో తెలివైన పని ఇదే. చేయి చాచడం మాని, తీగలో వాటాదారు కావడం.

2009లో మాంద్యం నుంచి తేరుకోవడానికి తెచ్చిన చట్టం బ్రాడ్‌బ్యాండ్‌కు 720 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2010 జులైలో అందులోంచి ఇంటర్నెట్2కు 6.25 కోట్ల డాలర్లు దక్కాయి. బడులు, గ్రంథాలయాలు, ఆసుపత్రులు కలిపి సుమారు రెండు లక్షల సంస్థలను పరిశోధన తీగకు తగిలించాలన్నది లక్ష్యం. వాటికి పెట్టిన పేరు ‘యాంకర్ సంస్థలు’, అంటే ఊరికి లంగరు లాంటివి. ఆ ఏడాది సెప్టెంబరులో టెలిఫోన్, ఇంటర్నెట్ వ్యవహారాలు చూసే అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కూడా ఒక ముడి విప్పింది. బడులకు, గ్రంథాలయాలకు ఇచ్చే ఇంటర్నెట్ రాయితీతో, నగరపాలక సంస్థల దగ్గరో పరిశోధన నెట్‌వర్కుల దగ్గరో కూడా వెలిగించని ఫైబర్ అద్దెకు తీసుకోవచ్చంది. బడి వేళలు దాటాక ఊరివాళ్లను లోపలికి రానిచ్చి వాడుకోనివ్వవచ్చని కూడా చెప్పింది.

ఇక్కడే పాతికేళ్లలో జరిగిన మార్పు కనిపిస్తుంది. ఫ్రీ-నెట్ అడిగింది మనుషుల కోసం. 2010లో దక్కింది భవనాలకు.

మన దగ్గర కూడా దారి ఇలాగే సాగింది. 1986లోనే ఐఐటీలు, ఐఐఎస్సీ వంటి సంస్థలతో ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ మొదలైంది. సామాన్యుడికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. 2010లో 5,990 కోట్ల రూపాయలతో జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌కు అనుమతి దొరికింది. అది విశ్వవిద్యాలయాలకు, పరిశోధనశాలలకు. మరుసటి ఏడాది పల్లెల కోసం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను ప్రకటించారు, తర్వాత అదే భారత్‌నెట్ అయింది. రెండింటికీ వాడింది చాలావరకు బీఎస్‌ఎన్‌ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్‌ల ఫైబరే. దేశంలో మొదట ప్రయోగం చేసిన మూడు బ్లాకుల్లో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. తీగ పంచాయతీ ఆఫీసు దాకా వేయాలన్నదే పథకం. అక్కడినుంచి ఇంటికి ఎవరు లాగుతారన్నది వేరెవరికో వదిలేశారు. దీనికి కొన్నేళ్ల ముందే పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ ఎత్తైన టవర్ల మీద వైఫై యాంటెన్నాలు పెట్టి, అశ్విని పేరుతో ఊళ్లను కలిపి వీడియోలో పాఠాలు, వైద్య సలహాలు అందించింది.

2020 మార్చిలో కరోనాకు అమెరికా గ్రంథాలయాలు తాళాలు వేసుకున్నాయి. మూసి ఉన్నా వైఫై ఆపక్కర్లేదు, ఊరివాళ్లు వాడుకోవచ్చు, రాయితీ పోదని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ స్పష్టం చేసింది. ఆ నెలల్లో ఇంట్లో కనెక్షన్ లేని పిల్లలు గ్రంథాలయాల బయట, బడుల బయట పార్కింగ్ స్థలాల్లో కార్లలో కూర్చుని పాఠాలు విన్నారు.