కొత్త డబ్బు ఎవరు పుట్టిస్తున్నారు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇంట్లో ఒక పది రూపాయల నోటు, ఎవరి దగ్గరైనా దొరికితే ఒక రూపాయి నోటు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పది రూపాయల నోటు మీద రిజర్వ్ బ్యాంకు పేరు, గవర్నరు సంతకం, పది రూపాయలు చెల్లిస్తానన్న హామీ ఉంటాయి. రూపాయి నోటు మీద ఆ హామీ ఉండదు. దాని మీద భారత ప్రభుత్వం అని ఉంటుంది, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. నోట్లు, నాణేలు పుట్టించే హక్కు వీళ్లకే ఉంది. ఇంకెవరైనా అచ్చు వేస్తే జైలుకు పోతారు.

అయితే ఈ నోట్లూ నాణేలూ అన్నీ కలిపినా, మన దేశంలో డబ్బుగా లెక్కకట్టే మొత్తంలో దాదాపు ఏడో వంతే. మిగతాదంతా బ్యాంకు ఖాతాల్లోని అంకెలు. మీ అమ్మ ఫోన్‌తో స్కాన్ చేసి కూరగాయలకు కట్టేది ఆ డబ్బే. మరి దాన్ని పుట్టిస్తున్నది ఎవరు?

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి అక్కడ జరిగేదే చెబుతాను. ఒకాయనకు ఇల్లు కొనడానికి 20 లక్షల లోన్ మంజూరైంది. అమ్మినాయన ఖాతా కూడా మా బ్రాంచిలోనే ఉంది. కాగితాల మీద సంతకాలయ్యాక రెండే రెండు ఎంట్రీలు పడతాయి. కొన్నాయన లోన్ ఖాతాలో 20 లక్షలు డెబిట్, అమ్మినాయన ఖాతాలో 20 లక్షలు క్రెడిట్. ఆఫీసరు పాస్ చేస్తే పని అయిపోయినట్టే. స్ట్రాంగ్ రూమ్ తలుపు తెరవరు. మీ నాయనమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి గానీ, ఇంకెవరి పాస్‌బుక్‌లోంచి గానీ ఒక్క రూపాయి తగ్గదు. నిన్నటిదాకా లేని 20 లక్షలు ఇవాళ పుట్టాయి. ఆయన ఈఎంఐలు కడుతున్నకొద్దీ, అసలు తీరిన మేరకు ఆ డబ్బు మళ్లీ మాయమవుతుంది.

ఒకరు దాచుకున్నది తీసి మరొకరికి అప్పిస్తారని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. అది నిజం కాదని, మన రిజర్వ్ బ్యాంకులాగా బ్రిటన్‌కు కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో విప్పి చెప్పింది. అప్పు ఇచ్చినప్పుడే డిపాజిట్ పుడుతుందని, బ్రిటన్‌లో జనం దగ్గరున్న డబ్బులో 97 శాతం బ్యాంకు డిపాజిట్లేనని రాసింది.

బ్యాంకులకు పగ్గాల్లేవని కాదు. సొంత మూలధనం ఇంత ఉండాలన్న రూలుంది. ఖాతాదారు డబ్బు వేరే బ్యాంకుకు పంపితే దానికి తగ్గ రిజర్వులు, అంటే రిజర్వ్ బ్యాంకు దగ్గర తాను ఉంచుకున్న డబ్బు, కట్టాలి. అయినా కొత్త డబ్బు మొదట ఎవరి చేతికి పోవాలన్నది చాలావరకు బ్యాంకు తన లాభం చూసుకునే తేల్చుకుంటుంది. నా బాధంతా అక్కడే. కౌలు రైతు వస్తే కాగితాల్లేవని తిప్పి పంపేవాళ్లం. స్థలం తాకట్టు పెట్టేవాళ్లకు మాత్రం ఎదురెళ్లి ఇచ్చేవాళ్లం. స్థలాల మీదికి అప్పులు వచ్చిపడితే ధర పెరుగుతుంది, ఆ పెరిగిన ధర చూపించి ఇంకా పెద్ద అప్పు తీసుకుంటారు. ధరతో పాటు అద్దెలూ పెరిగి, అప్పు దొరక్క అద్దెకుండేవాడి నెత్తిన పడతాయి. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేయడానికి చెప్పిన కారణాల్లో పల్లెలకు, రైతులకు అప్పులు అందడం లేదన్నది ఒకటి. దాంతో అప్పుల దారి కొంత మారింది గానీ, డబ్బు పుట్టే పద్ధతి అలాగే ఉండిపోయింది.

ఆ పద్ధతినే మార్చాలని అడిగినవాళ్లు ఉన్నారు. 1929 తర్వాత అమెరికాలో వేల బ్యాంకులు మూతపడ్డాయి. నాలుగేళ్లలో దేశంలోని డబ్బులో సుమారు మూడో వంతు ఆవిరైపోయింది. అప్పులతో పుట్టిన డబ్బు అప్పులు కూలితే నిలవదు కదా. 1933లో షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు కొందరు, డబ్బు పుట్టించే పనినీ అప్పులిచ్చే పనినీ విడదీయాలని ప్రభుత్వానికి రాశారు. ఆ తర్వాత ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికా ఆర్థికవేత్త దానికోసం ఏళ్లతరబడి పోరాడాడు. ప్రభుత్వం మాత్రం, బ్యాంకు మునిగితే దాచుకున్నవాళ్లకు ఒక పరిమితి వరకు డబ్బు ఇచ్చే డిపాజిట్ బీమాతో సరిపెట్టింది.

ఈ మధ్యకాలంలో దీన్ని నేరుగా ప్రజల ముందు పెట్టింది స్విట్జర్లాండ్. అక్కడ లక్ష సంతకాలు సేకరిస్తే రాజ్యాంగం మార్చాలా వద్దా అని దేశమంతా ఓటు వేయాల్సిందే. నోట్ల జారీ హక్కు బ్యాంకుల చేతిలో ఉండకూడదని 1891లోనే వాళ్లు ఓటు వేసి తేల్చుకున్నారు. నోట్లకు పెట్టిన రూలు ఖాతాల్లోని అంకెలకు ఎందుకు ఉండకూడదని ఫోల్‌గెల్డ్ (జర్మన్‌లో ‘పూర్తి డబ్బు’) అనే ఉద్యమం అడిగింది. వాళ్ల ప్రతిపాదన ప్రకారం రోజూ వాడుకునే ఖాతాలోని డబ్బు లాకర్లో నగలాగా పూర్తిగా మనదే, బ్యాంకు దివాలా తీసినా దానికి ఏమీ కాదు. బ్యాంకులు అప్పివ్వాలంటే, కొంతకాలం వాడుకోమని జనం తెలిసి ఇచ్చిన డబ్బో, కేంద్ర బ్యాంకు దగ్గర తెచ్చుకున్న డబ్బో ఉండాలి. కొత్త డబ్బు ఎంత కావాలో కేంద్ర బ్యాంకు తేలుస్తుంది. అది అప్పుగా కాకుండా ప్రభుత్వాలకో, నేరుగా ప్రజలకో చేరుతుంది.

2018 జూన్ 10న ఓటింగ్ జరిగింది. 75 శాతానికి పైగా వద్దన్నారు. ప్రభుత్వం, పార్లమెంటు, కేంద్ర బ్యాంకు మూడూ దాన్ని వ్యతిరేకించాయి. అప్పులు ప్రియమవుతాయని, కేంద్ర బ్యాంకు మీద రాజకీయ ఒత్తిడి పెరుగుతుందని వాళ్ల భయం. రెండో భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎన్నికల ముందు అచ్చు వేసి పంచే ప్రభుత్వం చేతికి ఈ తాళం ఇస్తే కొంపలు మునుగుతాయి. అందుకే ఎంత పుట్టించాలన్నది ఖర్చుతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ చెప్పాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది పార్లమెంటు చెప్పాలి. ఈ రెండూ ఒకే చేతిలో ఉండకూడదు. అప్పులు కాస్త ప్రియమవుతాయన్నది నిజమే కావచ్చు. స్థలాల మీది అప్పులు ప్రియమైతే నాకు దిగులు లేదు.

మన దగ్గర ఇవాళ బ్యాంకు మునిగితే బీమా కింద వచ్చేది 5 లక్షల వరకే. 2020కి ముందు అది లక్షే. 2022 డిసెంబర్ 1న రిజర్వ్ బ్యాంకు మామూలు జనం కోసం డిజిటల్ రూపాయిని ప్రయోగంగా మొదలుపెట్టింది. దాని పూచీ నేరుగా రిజర్వ్ బ్యాంకుదే, మధ్యలో ఏ బ్యాంకు మునిగినా దానికి ఢోకా లేదు. అంటే ఖాతా డబ్బును కూడా నోట్లలాగా రిజర్వ్ బ్యాంకు పూచీ ఉన్న డబ్బుగా మార్చడానికి కావలసిన సాంకేతిక పద్ధతి మన చేతిలోనే ఉంది. ఇక కావలసింది దాని మీద చర్చ. పార్లమెంటులోనే కాదు, తెలుగు పేపర్లలోనూ, మీ క్లాసుల్లోనూ అది జరగాలని నా కోరిక.

పొదుపు గురించి చెప్పడానికి ఏ బ్యాంకు వాళ్లైనా మీ స్కూలుకు వస్తే, లోన్ ఇచ్చినప్పుడు ఎవరి ఖాతాలో డబ్బు తగ్గుతుందో అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య