నొతారియో లాయరు కాదు: అపోహలు - వాస్తవాలు

హ్యూస్టన్‌లో టాక్స్ రిటర్నులు వేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా మెక్సికో, ఎల్ సాల్వడార్, హోండురస్ నుంచి వచ్చి చిన్న వ్యాపారాలు పెట్టుకున్నవాళ్లే. టాకో బండి, గడ్డి కోసే పని, ఇళ్లు క్లీన్ చేయడం, రూఫింగ్. పోయిన వారం కూడా ఒకాయన "నా పేపర్లన్నీ నొతారియోనే చూసుకుంటాడు, లాయరు కదా" అన్నాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నొతారియో అంటే స్పానిష్ భాషలో నోటరీ.

అపోహ: నొతారియో అంటే లాయరు.

కాదు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. మెక్సికోలో నొతారియో పుబ్లికో అంటే లా చదివి, ప్రభుత్వం నియమించిన పెద్ద మనిషి, ఇల్లు కొన్నా కంపెనీ పెట్టినా ఆయన దగ్గరికే వెళ్తారు. ఇండియాలో కూడా నోటరీలు చాలావరకు ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసిన లాయర్లే, కాబట్టి ఇక్కడికొచ్చిన మనవాళ్లకూ ఇది తెలియాలి. టెక్సస్‌లో నోటరీకి లా డిగ్రీ అక్కర్లేదు. సంతకం పెట్టింది మీరేనని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించడం లాంటివే ఆయన పని. లాయరు కాకుండా "నొతారియో పుబ్లికో" అని బోర్డు పెట్టుకోవడాన్ని ఇక్కడి చట్టమే నిషేధించింది, అయినా బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి.

తమాలెలు (ఒక మెక్సికన్ వంటకం) అమ్మే ఒకావిడ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఫోల్డర్‌లో మూడేళ్ల 1040 (వ్యక్తిగత ఆదాయ పన్ను రిటర్ను ఫారం) కాపీలు, ప్రతిదాని మీదా గుండ్రటి నోటరీ ముద్ర. 1040 మీద ఆ ముద్ర ఐఆర్ఎస్ అడగనే అడగదు. రెండో పేజీ అడుగున డబ్బు తీసుకుని రిటర్ను వేసినవాళ్లు పేరు, పీటిన్ (రిటర్నులు వేసేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే) నంబరు రాసి సంతకం పెట్టాల్సిన చోటు మాత్రం ఖాళీ! ఐఆర్ఎస్ దగ్గరున్న రికార్డు నకళ్లు అడిగే 4506-టి ఫారం పంపి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పిస్తే మూడింట్లో రెండేళ్లకు రిటర్నే లేదు. పన్ను కట్టమని ఆ రిటర్నులు రాసిన నొతారియో చేతికే నగదు ఇచ్చిందట, చేతిరాత రసీదులు జాగ్రత్తగా దాచుకుంది కూడా. రిటర్ను వేయకపోతే బాకీ మీద నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ, పైన వడ్డీ. "మళ్లీ కట్టాలా?" అని ఆవిడ అడిగితే నాకు నోట మాట రాలేదు. కట్టాల్సే వచ్చింది, వాయిదాల్లో.

దయచేసి పన్ను డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి, నేరుగా ఐఆర్ఎస్‌కే కట్టండి. రిటర్ను వేసినవాడు సంతకం పెట్టనంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకపోతే పన్ను కట్టక్కర్లేదు, ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టలేం అనేవి రెండూ తప్పే. పన్నుకు ఐటిన్ (ఆ నంబరు లేనివాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు) ఉంది, ఎల్ఎల్‌సీకి పౌరసత్వం అడగరు, టెక్సస్‌లో ఫీజు 300 డాలర్లు. ఐటిన్ ఉంటే పని చేసుకునే హక్కు వచ్చినట్టే అనేది ఇంకో పుకారు, రాదు. ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే పన్ను నంబరు) ఐఆర్ఎస్ ఉచితంగా ఇస్తుంది, దానికి వందలు గుంజేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. లోన్‌కి ఎలా వెళ్లాలి, లెక్కలు ఎలా రాసుకోవాలి అన్నవాటికి ఎస్‌బీడీసీ (చిన్న వ్యాపారాలకు సాయం చేసే) కేంద్రాల్లో కూర్చోబెట్టి ఉచితంగా చెప్తారు, చాలాచోట్ల స్పానిష్‌లో కూడా.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగేది ఒకటుంది: "రిటర్ను వేస్తే నా అడ్రసు ఇమ్మిగ్రేషన్ వాళ్లకు వెళ్తుందా?" ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. పన్ను వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది, కానీ 2025 ఏప్రిల్‌లో ఐఆర్ఎస్ ఉండే ట్రెజరీ శాఖకీ ఇమ్మిగ్రేషన్ చూసే హోంల్యాండ్ సెక్యూరిటీకీ మధ్య సమాచారం పంచుకునే ఒప్పందం కుదిరి, అది కోర్టుల దాకా వెళ్లింది. ఏమీ కాదని నేను గ్యారంటీ ఇవ్వను, ఇచ్చేవాళ్లను నమ్మొద్దంటాను. దీనికి ఇమ్మిగ్రేషన్ లాయరునే అడగాలి, అదీ ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉందో కనుక్కుని, ఆ రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకున్నాకే.