ట్సెట్సీ ఈగ, తెల్ల ఖడ్గమృగం

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో నల్ల ఉమ్ఫొలోజి, తెల్ల ఉమ్ఫొలోజి నదులు కలిసే చోటు ఒకప్పుడు జులు తెగ రాజుల వేట అడవి. 1828లో చనిపోయిన షాకా రాజు హయాంలో అక్కడ లోతైన గుంటలు తవ్వి, జంతువుల్ని రెండు నదుల మధ్యకు తరిమి వాటిలో పడేలా చేసేవారని చెబుతారు. 1895లో ఆ అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇప్పుడది దాదాపు 96,000 హెక్టార్ల హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి పార్కులో భాగం. 1895 నాటికి తెల్ల ఖడ్గమృగాల్లో దక్షిణాది ఉపజాతివి వంద కూడా మిగల్లేదు. మిగిలినవి ఇక్కడే మిగిలాయి.

అందుకు చట్టం కన్నా ముందు ఒక ఈగను తలుచుకోవాలి. ట్సెట్సీ ఆఫ్రికాలో జంతువుల రక్తం పీల్చి బతికే ఈగ. అది కుడితే ట్రిపనోసోమా అనే ఏకకణ జీవి పశువు రక్తంలోకి చేరుతుంది. జ్వరం వస్తుంది, రక్తం తగ్గిపోతుంది, పశువు చిక్కి శల్యమై చచ్చిపోతుంది. ఈ జబ్బు పేరు నగానా. దీనికి కారణమేమిటో 1890లలో డేవిడ్ బ్రూస్ జులూల్యాండ్‌లోనే కనిపెట్టాడు. అడవి జంతువుల ఒంట్లో ఆ జీవి ఉన్నా సాధారణంగా వాటికేమీ కాదు. ఆవులే ఆస్తిగా బతికే జులూలు ఈగలున్న లోయల్లో మందల్ని ఉంచేవారు కాదు. ఆ తర్వాత వచ్చిన తెల్ల రైతులకూ అదే అడ్డంకి. అందుకే వాళ్లు ఈగకు తిండి లేకుండా చేద్దామని 20వ శతాబ్దం తొలి సగంలో పదుల వేల అడవి జంతువుల్ని కాల్పించారు. ఖడ్గమృగాల జోలికి మాత్రం వెళ్లలేదు. ఇంత చంపినా ఈగ పోలేదు. 1940లలో విమానాల నుంచి డీడీటీ అనే పురుగుమందు చల్లడం మొదలుపెట్టాకే, జబ్బును ఎక్కువగా వ్యాపింపజేసే ఈగ జాతి అక్కడ పోయింది.

ఖడ్గమృగాల సంఖ్య పెరిగాక కొత్త భయం పట్టుకుంది. అన్నీ ఒకే చోట ఉంటే ఒక్క అంటురోగం చాలు. 1960లలో ఈ అడవి సంరక్షణాధికారి ఇయాన్ ప్లేయర్ బృందం వాటిని పట్టి ఇతర అడవులకు తరలించింది. ప్లేయర్‌కు ఈ అడవిని నేర్పిన గురువు జులు రేంజర్ మాకుబు ఎన్‌టొంబేలా.

ఖడ్గమృగాన్ని పట్టడానికి బాణంలాంటి సూదితో దూరం నుంచి వేసే మత్తుమందు ఎటార్ఫిన్. మార్ఫిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. రెండు టన్నుల మగ జంతువుకు మూడు, నాలుగు మిల్లీగ్రాములు సరిపోతుంది. అసలు పని జంతువు పడిపోయాకే మొదలవుతుంది. తెల్ల ఖడ్గమృగానికి ఈ మందుతో ఊపిరి బాగా మందగిస్తుంది, ఒళ్లు వణుకుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే ఊపిరి కాస్త తేరుకునేలా బ్యుటార్ఫనాల్ అనే మందు ఇచ్చి, ముక్కులో గొట్టం పెట్టి ఆక్సిజన్ అందిస్తారు. కళ్లకు గంత కట్టి, చెవుల్లో గుడ్డ కుక్కుతారు. ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉంచితే కాళ్ల కండరాలు నలిగి, లేచినా నడవలేదు. మందు ఎక్కుతూ పరిగెత్తితే ఒళ్లు కాగిపోతుంది. అందుకే తెల్లవారుజామునే పని ముగిస్తారు. దగ్గర్లో నీరుంటే బాణం వేయరు, మత్తులో అందులో పడితే మునిగిపోతుంది. సూది మనిషికి గుచ్చుకున్నా ప్రాణాపాయమే. విరుగుడు మందు చేతికందేలా ఉండాల్సిందే.

పేడ చూసి ఏ ఖడ్గమృగమో చెప్పొచ్చు. తెల్లదాని పేడ నిండా గడ్డి పీచు ఉంటుంది. నల్లది పొదలు మేస్తుంది కాబట్టి, దాని పేడలో కత్తితో ఏటవాలుగా నరికినట్టున్న పుల్లముక్కలు కనిపిస్తాయి. పరుగు తీసేటప్పుడు తెల్లదాని పిల్ల తల్లికి ముందు, నల్లదాని పిల్ల వెనక ఉంటుంది.

ఈ అడవిలోనే కనిపించే ఉమ్లహ్లన్‌కోసి చెట్టు మన రేగు జాతిదే. ముళ్లు జంటగా వస్తాయి, ఒకటి నిటారు, ఒకటి కొక్కెం. జులూల్లో ఎవరైనా ఊరికి దూరంగా చనిపోతే, ఇంటి పెద్ద దీని కొమ్మను ఆ చోటికి తీసుకెళ్లి, చనిపోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, కొమ్మతో పాటు ఇంటికి తెస్తాడు. బస్సెక్కితే ఆ ఆత్మకూ టికెట్టు తీసుకుంటారు. దారిలో ఇతరులతో మాట్లాడడు. ఇంత శ్రద్ధను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

2023లో దక్షిణాఫ్రికాలో దొంగ వేటగాళ్లు కొమ్ము కోసం చంపిన 499 ఖడ్గమృగాల్లో 325 ఈ రాష్ట్రంలోనివే. అందుకే 2024 ఏప్రిల్ నుంచి పార్కులో వాటి కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. కొమ్ము మన గోళ్లలో ఉండే కెరాటినే, కోస్తే నొప్పి ఉండదు. కొమ్ము మొదలు దగ్గర ఏడెనిమిది సెంటీమీటర్లు వదలాలి. అంతకన్నా కిందికి కోస్తే సజీవ కణజాలం తెగి రక్తం కారుతుంది, తర్వాత కొమ్ము వంకరగా పెరుగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్లకు మళ్లీ కోయాలి. ఈలోగా మిగిలిన మొదలు కోసం కూడా చంపే వేటగాళ్లున్నారు కాబట్టి, కాపలా తగ్గించే వీల్లేదు.