టెస్టుల్లోంచి క్యూ ఎలా మాయమైంది

యూజర్ రిజిస్టర్ కాగానే మెయిల్ పంపాలి. మెయిల్ సర్వర్ జవాబిచ్చేదాకా అతన్ని ఆపడం ఎందుకని ఆ పనిని (దీన్నే జాబ్ అంటారు) క్యూలో, అంటే తర్వాత చేయాల్సిన పనుల జాబితాలో వేసి, పేజీ వెంటనే చూపించేస్తారు. వెనకాల వర్కర్ అనే వేరే ప్రాసెస్ దాన్ని అందుకుంటుంది. షాపిఫై కంపెనీలో పుట్టిన డిలేడ్ జాబ్ అనే రూబీ లైబ్రరీ ఈ పనులను డేటాబేస్ టేబుల్‌లోనే ఉంచేది. 2009లో గిట్‌హబ్ రెడిస్ అనే మెమరీ డేటాబేస్ మీద రెస్క్యూ అనే క్యూ లైబ్రరీని కట్టింది. అదే ఏడాది పైథాన్‌కు సెలరీ, 2012లో రూబీకి సైడ్‌కిక్ వచ్చాయి.

టెస్టులు, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్లకు చిక్కు అక్కడే మొదలైంది. వర్కర్ పని ఎప్పుడు ముగిస్తుందో టెస్టుకు తెలియదు. స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టి ఎదురుచూస్తే ఒకసారి పాసవుతుంది, ఇంకోసారి ఫెయిలవుతుంది. అందుకని లైబ్రరీలు దగ్గరి దారి చూపాయి: క్యూను పక్కనపెట్టి జాబ్‌ను అక్కడికక్కడే నడిపేయడం. సెలరీలో ఆల్వేస్ ఈగర్, సైడ్‌కిక్‌లో ఇన్‌లైన్ మోడ్ అలా వచ్చినవే. ఈగర్ మోడ్ యూనిట్ టెస్టులకు తగదని సెలరీ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. అయినా దాన్నే వాడేవాళ్లు ఎంతోమంది.

దీని అసలు నష్టం ట్రాన్సాక్షన్ల దగ్గర బయటపడింది. ట్రాన్సాక్షన్ అంటే డేటాబేస్ మార్పుల కట్ట: కమిట్ చేస్తేనే అవి ఖాయమై మిగతా కనెక్షన్లకు కనిపిస్తాయి, రోల్‌బ్యాక్ చేస్తే రద్దవుతాయి. ఆర్డర్ సేవ్ చేసి, కమిట్ కాకముందే జాబ్‌ను క్యూలో వేశారనుకోండి. వర్కర్ చురుగ్గా ఉంటే కమిట్‌కంటే ముందే వచ్చి వెతుకుతుంది, ఆర్డర్ దొరకదు. ఇన్‌లైన్ టెస్టులో మాత్రం జాబ్ అదే కనెక్షన్‌లో నడుస్తుంది కాబట్టి కమిట్ కాని ఆర్డర్ కూడా కనిపిస్తుంది, టెస్టు హాయిగా పాసవుతుంది. అసలు యూజర్లు వాడే ప్రొడక్షన్‌లో, అదీ లోడ్ పెరిగినప్పుడే, ఎర్రర్లు మొదలవుతాయి. ఇంతకంటే టెన్షన్ పెట్టే బగ్ అరుదు.

దీనికోసమే 2015 డిసెంబరులో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 1.9 ఆన్ కమిట్ హుక్ తెచ్చింది, అంటే కమిట్ అయ్యాకే నడిచే కోడ్‌ను (కాల్‌బ్యాక్) ఇచ్చే వీలు. కానీ మామూలు టెస్ట్‌కేస్ ప్రతి టెస్టునూ ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర్లో రోల్‌బ్యాక్ చేస్తుంది. కమిట్టే జరగదు, హుక్ కదలదు. టెస్టులో ఆ కాల్‌బ్యాక్‌లను పట్టుకునే సదుపాయం జాంగోలోకి వచ్చేసరికి 2021 అయింది. రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో 5.0కి ముందు ఇలాంటిదే అయిన ఆఫ్టర్ కమిట్‌ది కూడా ఇదే కథ. కమిట్ అయ్యాకే జాబ్‌ను క్యూలో వేసే వీలు 2024లో రైల్స్ 7.2తో యాక్టివ్ జాబ్‌లోకి (వేర్వేరు క్యూ లైబ్రరీలను ఒకేలా వాడనిచ్చే రైల్స్ భాగం) వచ్చింది.

నా దృష్టిలో మంచి మలుపు రైల్స్ 4.2లో యాక్టివ్ జాబ్ రావడం. సరైన ఆర్గ్యుమెంట్లతో జాబ్ క్యూలోకి చేరిందా అన్నది ఒక టెస్టు, జాబ్ తన పని చేస్తుందా అన్నది ఇంకో టెస్టు అనే విభజనకు అది దారి చూపింది.

రీట్రైల సంగతి మాత్రం ఇంకా వెనకబడే ఉంది. ఫెయిలైన జాబ్‌ను సైడ్‌కిక్ మామూలుగా 25 సార్లు, సుమారు మూడు వారాల పాటు మళ్లీ ప్రయత్నిస్తుంది. సగం పని చేసి ఆగిన జాబ్ మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. ఇన్‌లైన్ టెస్టు దాన్ని ఒక్కసారే నడిపి ఊరుకుంటుంది. అవే ఆర్గ్యుమెంట్లతో జాబ్‌ను రెండుసార్లు నడిపి, డబ్బు ఒక్కసారే కట్ అయిందా అని చూసే టెస్టుకు నాలుగు లైన్లు చాలు. దానికి ఏ లైబ్రరీ కొత్త మోడ్ ఇవ్వాల్సిన పనిలేదు.