తేదీలు, టైములు ఎక్సెల్‌లో గీసేవారికి: కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల మెషిన్ రూమ్ రిజిస్టర్లు చూసి రిపోర్టులు తయారుచేయడం నా పని. కంప్రెసర్ (గదులను చల్లబరిచే యంత్రం) ఎప్పుడు ట్రిప్ అయి ఆగిపోయింది, కరెంటు ఎప్పుడు పోయింది, లారీ ఎప్పుడొచ్చింది... రోజంతా తేదీలూ టైములే. గ్రాఫ్ వేసినా ఏమీ తెలియడం లేదని చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. నాకు బాధనిపిస్తుంది, ఎందుకంటే చాలాసార్లు సమాధానం ఆ రిజిస్టర్‌లోనే ఉంటుంది.

అపోహ: సెల్‌లో తేదీలా కనిపిస్తే అది తేదీయే.

వాస్తవం: ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక సంఖ్య. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని లెక్కపెడుతుంది. 2024 జనవరి 1 అంటే 45292. టైమ్ దానికి దశాంశం: మధ్యాహ్నం 12 గంటలు 0.5, సాయంత్రం 6 గంటలు 0.75. కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే, మనం ఏప్రిల్ 3 అనుకుని కొట్టిన 03/04/2024 కాస్తా మార్చి 4 అయిపోతుంది. 13/04/2024 కొడితే 13వ నెల లేదు కాబట్టి ఉత్త టెక్స్ట్‌గా మిగులుతుంది. అలైన్‌మెంట్ మార్చని షీట్‌లో టెక్స్ట్ ఎడమకు, తేదీ కుడికి జరిగి కనిపిస్తాయి. కుడివైపున్నవన్నీ సరైనవని మాత్రం నమ్మకండి. 12వ తారీఖు వరకు ఉన్నవి తారుమారై ఉండొచ్చు.

అపోహ: తేదీలకు లైన్ చార్టు చాలు.

వాస్తవం: రోజువారీ లెక్కలకు చాలు. టైమ్ కూడా ముఖ్యమైతే చాలదు. ఎక్సెల్ డేట్ యాక్సిస్‌లో (తేదీలు వేసే అడ్డగీతలో) రోజు కంటే చిన్న యూనిట్ లేదు, పొద్దున జరిగిందీ రాత్రి జరిగిందీ ఒకే చోట పడతాయి.

ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ తరచూ ట్రిప్ అవుతుండేది. ఓనరుగారి అనుమానం వోల్టేజీ మీద. నెలవారీ బార్ చార్టు వేస్తే అన్ని నెలలూ ఇంచుమించు ఒకటే ఎత్తు. అప్పుడు తేదీని, టైమ్‌ను విడదీశాను. ఇంట్ (INT) ఫంక్షన్ తేదీని ఇస్తుంది. మాడ్ (MOD) ఫంక్షన్‌లో 1తో భాగిస్తే మిగిలేది టైమ్. తేదీ అడ్డంగా, టైమ్ నిలువుగా పెట్టి స్కాటర్ చార్టు (ఒక్కో ఘటనకు ఒక్కో చుక్క) వేశాను. నిలువు యాక్సిస్‌కు గరిష్ఠం 1, మేజర్ యూనిట్ (గీతకూ గీతకూ మధ్య దూరం) 0.125 ఇస్తే మూడేసి గంటలకో గీత వస్తుంది. చుక్కలు అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. ఉదయం ఆరు దగ్గర మాత్రం ముగ్గుకు పెట్టినట్టు వరసగా ఉన్నాయి!

ఆరింటికి షిఫ్ట్ మారుతుంది. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాం. డ్యూటీ దిగే ఆపరేటర్ కండెన్సర్ (కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్‌ను చల్లార్చే భాగం) నీళ్ల పంపు ఆపి, చెత్తను ఆపే జల్లెడ, అంటే స్ట్రైనర్, కడుగుతున్నాడు. బదులుగా ఉంచిన రెండో పంపు, అంటే స్టాండ్‌బై పంపు, వేయలేదు. నీళ్లు ఆగితే ప్రెషర్ పెరిగి, కంప్రెసర్‌ను ఆపే రక్షణ స్విచ్ (కటౌట్) పడిపోతుంది. "వచ్చేవాళ్లకు శుభ్రంగా అప్పజెప్పాలి కద సార్, రెండో పంపు వేయాలని ఎవరూ చెప్పలా" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికేం లేదు. ఆ రోజు నుంచి ముందు స్టాండ్‌బై పంపు వేసి, తర్వాతే స్ట్రైనర్ విప్పుతున్నారు.

అపోహ: సగటు టైమ్ తీస్తే ఎప్పుడు జరుగుతోందో తెలిసిపోతుంది.

వాస్తవం: రాత్రి 11కి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి జరిగితే ఎక్సెల్ ఇచ్చే సగటు మధ్యాహ్నం 12. రాత్రి డేటాకు ముందే 0.5 తీసేసి, తర్వాత మాడ్ వేయండి. రోజు మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం వరకు అవుతుంది, అర్ధరాత్రి చార్టు నడుమకొస్తుంది.

అపోహ: ఈ నెలను నిరుటి ఇదే నెలతో పోలిస్తే చాలు.

వాస్తవం: సంక్రాంతి జనవరి మధ్యలోనే వస్తుంది కాబట్టి పేచీ లేదు. దీపావళి అలా కాదు: 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20. మిఠాయి కొట్టు లెక్కల్లో 2024 నవంబర్ పడిపోయినట్టు కనిపిస్తే, వ్యాపారం తగ్గిందని టెన్షన్ పడక్కర్లేదు. పండుగ రోజును 0గా పెట్టి, దానికి ఎన్ని రోజుల ముందు, ఎన్ని రోజుల తర్వాత అన్నది అడ్డంగా వేసి పోల్చండి.

అపోహ: చార్టులో వరస కనిపించిందంటే అది యంత్రం తీరే.

వాస్తవం: రాసేవాళ్ల తీరు కూడా కావచ్చు. చాలామంది 9:12ని 9:00 అనో, 9:40ని 9:30 అనో రాస్తారు. షిఫ్ట్ చివర్లో గుర్తు తెచ్చుకుని రాసేవారూ ఉన్నారు. నిమిషాల కాలమ్ విడిగా తీసి చూడండి. 00, 30 మాత్రమే ఎక్కువగా ఉంటే ఆ వరసలను నమ్మలేం. అందుకే నేను చూసే రిజిస్టర్లలో టైమ్ గడి పక్కన "చూసి రాసింది", "గుర్తుతో రాసింది" అని రెండు చిన్న గళ్లు గీయించాను. అలాంటి వరసలు నిజమో కాదో తేల్చుకోవడానికి ఇప్పుడు మొదటి గడిలో టిక్కు ఉన్నవాటినే చార్టులోకి తీసుకుంటున్నాను.